ఎల్గిన్ గారింటి అప్పులు

ఎల్గిన్ ప్రభువు అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది ఏథెన్స్‌లోని పార్థెనాన్ గుడి నుంచి ఊడదీయించి లండన్ పట్టుకెళ్లిన చలువరాతి శిల్పాలే. వాటి మీద గొడవ రెండు వందల ఏళ్లుగా నడుస్తోంది, గ్రీసు ప్రధాని ఎవరైనా లండన్ వెళ్లినప్పుడల్లా మళ్లీ పేపర్లోకి వస్తుంది. నాకు మాత్రం ఆ శిల్పాల కంటే ఆ మనిషి సంసారం మీద ఎక్కువ ఆసక్తి. పెద్ద పేరు, చిన్న రాబడి, తాహతుకు మించి మొదలుపెట్టిన మేడ, ఆ మేడకి తగ్గ అలంకరణ, భార్య తరఫు డబ్బు, కోర్టు, విడాకులు, చివరికి తండ్రి అప్పులు నెత్తినేసుకుని దేశదేశాల్లో ఉద్యోగాలు చేసిన కొడుకు. మన జమీందారీ ఇళ్లలో విన్న కథల్లాగే ఉంటుంది, కాకపోతే ఈ ఇంటి అప్పుల దెబ్బ ఏథెన్స్ నుంచి పెకింగ్ దాకా తగిలింది, ఒక కొస మన ధర్మశాలలో కూడా ఉంది.

అసలు పేరు థామస్ బ్రూస్. 1766లో పుట్టాడు. ఎల్గిన్ ఎర్ల్ బిరుదు వరసలో ఏడో వాడు, దాంతోపాటు కింకార్డిన్ ఎర్ల్ కూడా ఆయనే. 1314లో బానక్‌బర్న్ దగ్గర ఇంగ్లిషు సైన్యాన్ని ఓడించిన రాబర్ట్ ద బ్రూస్ వంశం వాళ్లమని ఈ కుటుంబం చెప్పుకుంటుంది, ఆ రాజు కత్తి అని చెప్పే కత్తి ఒకటి ఇప్పటికీ వాళ్ల ఇంట్లోనే ఉంది. ఆ ఇల్లు బ్రూమ్‌హాల్, స్కాట్లాండులో ఫైఫ్ ప్రాంతంలో, డన్‌ఫర్మ్‌లిన్ ఊరి పక్కన. రాజుగారి సమాధి ఉన్న డన్‌ఫర్మ్‌లిన్ అబ్బే అక్కడికి దగ్గరే.

థామస్‌కి ఐదేళ్లు సరిగ్గా నిండీ నిండకముందే 1771లో తండ్రి పోయాడు, బిరుదు అన్నకి వెళ్లింది, కొద్ది వారాల్లో అన్న కూడా పోయాడు. అలా పలక పట్టే వయసులో ఈయన ఎర్ల్ అయిపోయాడు. తల్లి మార్తా వైట్ లండన్‌లో బ్యాంకు నడిపే ఆయన కూతురు, గట్టి మనిషి, తర్వాతి రోజుల్లో యువరాణి షార్లెట్‌ను పెంచే బాధ్యత కూడా ఆవిడకే అప్పగించారు. పిల్లాణ్ని హారోలో, వెస్ట్‌మినిస్టర్‌లో, సెయింట్ ఆండ్రూస్‌లో, పారిస్‌లో చదివించింది. తర్వాత సైన్యంలో చేరాడు, అటు నుంచి దౌత్యంలోకి వచ్చాడు. వియన్నా, బ్రస్సెల్స్, బెర్లిన్ తిరిగాడు. మర్యాదగా మాట్లాడతాడు, కష్టపడి పనిచేస్తాడు. చేతిలో డబ్బు మాత్రం ఉండదు.

డబ్బు అన్నాను కాబట్టి ఆ ఇంటి ఆస్తి ఏంటో చెప్పాలి. తండ్రి చార్లెస్ బ్రూస్ ఊరికే కూర్చునే ప్రభువు కాదు. తన భూముల కింద సున్నపురాయి ఉందని, బొగ్గు ఉందని లెక్కేసి సముద్రం ఒడ్డున చార్లెస్‌టౌన్ అని తన పేరుతోనే ఊరు కట్టించి సున్నపు బట్టీలు పెట్టించాడు. రాయి తవ్వడం, బొగ్గుతో కాల్చడం, సున్నం ఓడకెక్కించడం, ఇదీ వ్యాపారం. కాలక్రమంలో వరసగా 14 బట్టీలు అయ్యాయి, వాటి గోడలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. ఈ సున్నం సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది. వ్యాపారం పెద్దదే గానీ, గనులకి, బట్టీలకి పెట్టుబడి కావాలి, వచ్చిన డబ్బు మళ్లీ అందులోకే పోతుంది. దానికి తోడు ఈ కొడుకు 1790లలో బ్రూమ్‌హాల్‌ని కొత్తగా గ్రీకు పద్ధతిలో కట్టించాలని పూనుకున్నాడు.

1799లో రెండు పెద్ద పనులు ఒకేసారి జరిగాయి. ఇస్తాంబుల్‌లో సుల్తాను దర్బారుకి బ్రిటిష్ రాయబారిగా ఉద్యోగం వచ్చింది, మేరీ నిస్బెట్‌తో పెళ్లి అయింది. ఆమెకి అప్పటికి ఇరవై రెండేళ్లు కూడా లేవు, ఆయనకి ముప్పై రెండు. డిర్ల్‌టన్ ఎస్టేట్ హామిల్టన్ నిస్బెట్ గారికి ఒక్కగానొక్క కూతురు, ఎడిన్‌బరోకి తూర్పున ఆర్చర్‌ఫీల్డ్ అనే పెద్ద ఇంట్లో పెరిగింది, ఆస్తంతా ఆమెకే వస్తుందని ఊరంతటికీ తెలుసు. ఎల్గిన్ దృష్టి ఆ ఆస్తి మీద లేదని నేనైతే నమ్మను. అలాగని ప్రేమ లేదనీ అనను, మొదటి రెండు మూడేళ్ల ఉత్తరాలు చూస్తే ఇద్దరూ బాగానే ఉన్నారు.

ఇల్లు కడుతున్న ఆర్కిటెక్ట్ థామస్ హారిసన్ ఈ సమయంలో ఒక సలహా ఇచ్చాడు. ఎలాగూ తుర్కుల రాజ్యానికి పోతున్నారు, ఏథెన్స్ వాళ్ల చేతిలోనే ఉంది, అక్కడి శిల్పాలకు ప్లాస్టర్ అచ్చులు తీయించుకు రండి, మనవాళ్లు చూసి నేర్చుకుంటారు అన్నాడు. అంతవరకే. ప్రభుత్వాన్ని ఖర్చు అడిగితే ఇవ్వమంది. ఇవ్వమన్నప్పుడు మానేయాలి కదా, మానలేదు, సొంత డబ్బుతో చేస్తానన్నాడు. సొంత డబ్బు అంటే అప్పు అని మనం అర్థం చేసుకోవాలి. చిత్రకారుడు టర్నర్‌ని తీసుకెళ్లాలని చూసి, ఆయన అడిగిన జీతం విని వెనక్కి తగ్గి, దారిలో సిసిలీలో లుసియెరి అనే ఇటలీ చిత్రకారుణ్ని కుదుర్చుకున్నాడు.

ప్రయాణం అంతా మేరీకి నరకం. కడుపుతో ఉంది, ఓడ ఊగితే వాంతులు. అలాంటి మనిషి ఇస్తాంబుల్ చేరాక మాత్రం చెలరేగిపోయింది. ఆడవాళ్లని రానివ్వని దర్బారుకి మగవాడి దుస్తులేసుకుని మొగుడితో పాటు వెళ్లింది, అంతఃపురం ఆడవాళ్లతో స్నేహాలు చేసింది, విందులు ఇచ్చింది, ఇంటి లెక్కలు చూసింది, మొగుడి ఖర్చులు చూసి గోలపెట్టింది. 1800లో కొడుకు పుట్టాడు, ఆ ఊరి పాత పేరు కాన్‌స్టాంటినోపుల్ కలిసొచ్చేలా జార్జ్ చార్లెస్ కాన్‌స్టాంటైన్ అని పెట్టుకున్నారు.

ఇక్కడ మన దేశానికి సంబంధించిన ఒక ముక్క ఉంది, ఎక్కువ మందికి తెలియదు. మశూచికి జెన్నర్ టీకా అప్పుడే కొత్తగా వచ్చింది. వియన్నాలో డి కారో అనే డాక్టరు పంపిన టీకా రసంతో ఎల్గిన్ దంపతులు తమ పసివాడికి టీకా వేయించారు. ఆ తర్వాత అదే దారిలో ఇస్తాంబుల్ మీదుగా బాగ్దాదుకి, అక్కడి నుంచి బస్రాకి, బస్రా నుంచి ఓడలో బొంబాయికి టీకా చేరింది, 1802 జూన్‌లో మన దేశంలో మొదటి టీకా బొంబాయిలో అన్నా డస్ట్‌హాల్ అనే మూడేళ్ల పాపకి పడింది. ఎల్గిన్ పేరు మీద మంచిగా చెప్పుకోదగ్గ పని ఇదొక్కటే అంటే కొందరికి కోపం రావచ్చు.

సరే, శిల్పాలు. నెపోలియన్ 1798లో ఈజిప్టు మీద పడ్డాడు, ఈజిప్టు సుల్తానుది, కాబట్టి సుల్తానుకి ఇంగ్లిషువాళ్లు అవసరమయ్యారు. 1801లో ఫ్రెంచివాళ్లు అక్కడ ఓడిపోవడం, ఇస్తాంబుల్‌లో బ్రిటిష్ రాయబారి అడిగిందల్లా ఇవ్వడానికి అందరూ సిద్ధంగా ఉండడం ఒకే సమయంలో జరిగాయి. ఫిలిప్ హంట్ అనే మతగురువు ఎల్గిన్ దగ్గర పనిచేసేవాడు, చురుకైనవాడు, ఏమేం అడగాలో ఆయనే రాసిపెట్టి జులైలో ఒక ఫర్మానా సంపాదించాడు. దాని తుర్కీ అసలు ప్రతి ఇప్పటిదాకా దొరకలేదు, ఇటాలియన్ అనువాదం మాత్రం ఉంది. అందులో బొమ్మలు గీసుకోవచ్చు, అచ్చులు తీసుకోవచ్చు, తవ్వుకోవచ్చు, రాతలూ బొమ్మలూ ఉన్న కొన్ని రాళ్లు తీసుకెళ్లినా అడ్డు చెప్పొద్దు అని ఉంది. కొన్ని రాళ్లు అంటే కింద పడి ఉన్నవా, గోడ మీద ఉన్నవా? గొడవంతా ఇక్కడే. హంట్ తనకి కావలసినట్టు అర్థం చేసుకున్నాడు, ఏథెన్స్ కోట అధికారుల చేతులు తడిపాడు, 1801 జులై 31న పార్థెనాన్ గోడ మీది మొదటి శిల్పఫలకం తాళ్లతో కిందికి దిగింది.

ఆ తర్వాత ఇంక ఆగలేదు. సుమారు 160 మీటర్ల శిల్పాల పట్టీలో 75 మీటర్ల దాకా, 15 ఫలకాలు, త్రికోణపు గోడల్లోంచి 17 విగ్రహాలు, పక్క గుడిలో కప్పు మోసే ఆరుగురు రాతికన్యల్లో ఒకామె. ఒకచోట పై రాళ్లు తీస్తే తప్ప కింది శిల్పం రాదంటే పై రాళ్లు పగలగొట్టారు. బరువు తగ్గడానికి పట్టీ రాళ్ల వెనక భాగం రంపంతో కోసేశారు. గుడి అప్పటికే దెబ్బతిని ఉంది నిజమే, 1687లో వెనీసు సైన్యం పేల్చిన ఫిరంగి గుండు లోపల దాచిన మందుగుండు మీద పడి సగం ఎగిరిపోయింది. తుర్కు సిపాయిలు రాళ్లను దంచి సున్నం చేసుకుంటున్నారు, నేను కాపాడాను అని ఎల్గిన్ తర్వాత పార్లమెంటు కమిటీ ముందు చెప్పాడు. పాలరాయి సున్నపు బట్టీలో పోతుందన్నదీ నిజమే. కానీ స్కాట్లాండులో తరతరాలుగా సున్నపు బట్టీలతో బతికే ఇంటి పెద్ద నోట ఆ మాట విన్నప్పుడు నాకు నవ్వొస్తుంది. ఇంకో సంగతి, 1801లోనే లుసియెరికి రాసిన ఉత్తరంలో ఎల్గిన్ మాట్లాడింది కాపాడటం గురించి కాదు, బ్రూమ్‌హాల్ హాలుకి ఎలాంటి పాలరాళ్లు కావాలో దాని గురించి. కాపాడటం అన్న మాట డబ్బు అడగాల్సి వచ్చినప్పుడు పుట్టింది.

ఈ పనిలో మేరీ చేయి తక్కువేం కాదు. యుద్ధనౌకల కెప్టెన్లు అంత బరువు మాకొద్దంటే బతిమాలి, పొగిడి, ఇనామిస్తానని ఒప్పించింది ఆమే. మొగుడు ఊళ్లో లేనప్పుడు పెట్టెలు ఎక్కించేసి, చూశావా నా సమర్థత అన్నట్టు ఉత్తరం రాసింది. ఆమెని కేవలం బాధితురాలిగా చూపించేవాళ్లు ఈ భాగం దాటేస్తారు. 1802 సెప్టెంబరులో ఎల్గిన్ సొంత ఓడ మెంటర్ 17 పెట్టెలతో కిథిరా దీవి దగ్గర మునిగిపోయింది. సముద్రం అడుగున స్పాంజీలు ఏరే గజ ఈతగాళ్లని పెట్టి వాటిని పైకి తీయించడానికి రెండేళ్లు పట్టింది, ఖర్చు మళ్లీ ఎల్గిన్‌దే.

ఈలోగా ఆయనకి ఏదో జబ్బు చేసి ముక్కు చాలావరకు తినేసింది. సుఖవ్యాధి అని అప్పట్నుంచీ గుసగుసలు ఉన్నాయి, రుజువు లేదు. విగ్రహాల ముక్కులు పోయినట్టే తెచ్చినవాడి ముక్కూ పోయిందని బైరన్ కవి ఎగతాళి చేశాడు. బైరన్ కూడా తల్లి వైపు స్కాటిష్షే, అబర్డీన్‌లో పెరిగినవాడే, ఆ కోపంలో సగం సొంతవాడి మీద కోపం. అయినా జబ్బుని చూసి నవ్వడం నాకు నచ్చలేదు.

అసలు దెబ్బ 1803లో పడింది. ఉద్యోగం అయిపోయి ఇంటికి వస్తూ ఫ్రాన్స్ మీదుగా వచ్చారు, అదే సమయంలో సంధి చెడి మళ్లీ యుద్ధం మొదలైంది, తన దేశంలో ఉన్న ఇంగ్లిషువాళ్లందర్నీ నెపోలియన్ ఆపేయించాడు. ఎల్గిన్ మూడేళ్లు బందీ. పారిస్‌లో, కొండల్లో, కొంతకాలం లూర్ద్ కోటలో. మేరీ పారిస్‌లో ఉండి మొగుణ్ని విడిపించడానికి మంత్రుల గుమ్మాలు తొక్కింది. 1804లో అక్కడే ఇంకో కొడుకు పుట్టాడు, విలియం, 1805లో ఆ పసివాడు పోయాడు. పరాయి దేశం, పిల్లాడి చావు, మొగుడు దగ్గర లేడు. ఆ రోజుల్లో ఆమెకి తోడున్నది రాబర్ట్ ఫెర్గూసన్, ఫైఫ్‌లోనే రెయిత్ ఎస్టేట్‌కి వారసుడు, సొంతూళ్లో పక్కింటి మనిషి లెక్క. స్నేహం ఎప్పుడు ఏమైందో వాళ్లకే తెలియాలి. మేరీ ముందుగా స్వదేశం చేరింది. 1806లో ఎల్గిన్‌ని వదిలిపెట్టారు, అది కూడా నెపోలియన్ రమ్మంటే తిరిగొస్తానని మాట రాసిచ్చాక. దాంతో దౌత్య ఉద్యోగం అక్కడితో ఆఖరు. పిలిస్తే శత్రువు దగ్గరికి వెళ్తానన్న మనిషికి ప్రభుత్వం పదవి ఎలా ఇస్తుంది?

ఇంటికొచ్చిన ఎల్గిన్‌కి ఫెర్గూసన్ ఉత్తరాలు చిక్కాయి. ఆ తర్వాత జరిగింది మాత్రం నాకు చదవబుద్ధి కాని భాగం. 1807లో లండన్‌లో ఫెర్గూసన్ మీద దావా వేశాడు, నా భార్యతో సంబంధం పెట్టుకున్నందుకు పరిహారం ఇప్పించమని, కోర్టు 10,000 పౌన్లు ఇప్పించింది. 1808లో ఎడిన్‌బరోలో విడాకుల కేసు, పనివాళ్లని నిలబెట్టి పడకగది సంగతులు అడగడం, పేపర్లలో రావడం, పైన పార్లమెంటులో ప్రత్యేక చట్టం. అప్పటి చట్టం ప్రకారం పిల్లల మీద తల్లికి ఏ హక్కూ లేదు. బతికున్న నలుగురు, కాన్‌స్టాంటైన్, ముగ్గురు ఆడపిల్లలు మేరీ, మటిల్డా, లూసీ, అందరూ తండ్రి దగ్గరే. తల్లి మొహం వాళ్లు ఏళ్ల తరబడి చూడలేదు. తండ్రే చూడనివ్వలేదు. శిల్పాల విషయంలో ఆయన పక్షాన వాదించడానికి నాకు రెండు మూడు మాటలు దొరుకుతాయి, ఈ విషయంలో ఒక్కటీ దొరకలేదు.

మేరీ అదే ఏడాది ఫెర్గూసన్‌ని పెళ్లి చేసుకుంది, రెయిత్‌లో కాపురం పెట్టింది, బ్రూమ్‌హాల్‌కి అది పెద్ద దూరం కాదు. ఎల్గిన్ 1810లో మళ్లీ పెళ్లాడిన ఎలిజబెత్ ఆస్వాల్డ్ కూడా ఫైఫ్ అమ్మాయే. ఒకే జిల్లా, అవే చర్చిలు, అవే విందులు. ఎదురుపడినప్పుడు ఎవరు ఎవర్ని తప్పుకుని పోయేవారో!

విడాకులతో ఎల్గిన్‌కి పరువు కంటే ఎక్కువగా పోయింది నిస్బెట్ ఆస్తి. ఏ ధీమాతో అప్పులు చేశాడో ఆ ధీమా పోయింది. శిల్పాలు లండన్‌లో ఆయన ఇంటి వెనక షెడ్డులో, తర్వాత ఇంకొకరి పెరట్లో పడి ఉన్నాయి. 1811లో ప్రభుత్వం 30,000 పౌన్లు ఇస్తామంటే చాలదన్నాడు. ఐదేళ్లు ఆగి 1816లో పార్లమెంటు కమిటీ ముందు ఖర్చు, వడ్డీ కలిపి 74,000 పౌన్లకి పైగా లెక్క చూపించాడు, వాళ్లు 35,000 చాలన్నారు. ఓటింగులో 82 మంది సరే అంటే 30 మంది వద్దన్నారు. వద్దన్నవాళ్ల మనసులో ఏథెన్స్ మీద జాలి ఉందనుకోకండి, జనం తిండికి అల్లాడుతుంటే రాళ్లకి అంత డబ్బేమిటన్న వాదన అందులో గట్టిగానే వినిపించింది. వచ్చిన డబ్బులో పెద్ద భాగం అప్పులవాళ్లే పట్టుకుపోయారు. మిగిలిన అప్పులవాళ్లకి దొరక్కుండా చివరికి ఫ్రాన్స్‌లో మకాం పెట్టి, 1841 నవంబరులో పారిస్‌లో పోయాడు. ఒకప్పుడు తనని బంధించిన దేశంలోనే తలదాచుకోవాల్సి వచ్చింది.

ఇక్కడ కాస్త పక్కకి వెళ్తాను, తెలుగువాణ్ని కాబట్టి తప్పదు. ఎల్గిన్ రాళ్లున్న బ్రిటిష్ మ్యూజియంలోనే మన అమరావతి స్తూపం శిల్పాలు కూడా నూటికి పైగా ఉన్నాయి. వాటి కథలోనూ స్కాట్లాండువాళ్లే. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు అమరావతికి రాజధాని మార్చి ఇళ్లు కట్టిస్తున్నప్పుడు దీపాలదిన్నె అనే స్తూపం దిబ్బ రాళ్లు బయటపడ్డాయి, ఆ కబురు విని 1790ల చివర్లో వచ్చి చూసింది స్కాట్లాండు దీవుల్లో పుట్టిన కాలిన్ మెకంజీ, మన కావలి సోదరులతో కలిసి పనిచేసిన ఆ మెకంజీయే. 1845లో తవ్వించింది వాల్టర్ ఎలియట్, ఆయనది స్కాట్లాండు సరిహద్దు జిల్లా. రాళ్లు మద్రాసులో ఎండకీ వానకీ పడుండి, 1859లో లండన్ చేరి, అక్కడ కూడా కొన్నాళ్లు ఒక పాత భవనం బండ్ల కొట్టంలో పడున్నాయి. వాటికి ఎలియట్ మార్బుల్స్ అని పేరు పడింది. నిజానికి అవి పాలరాళ్లు కావు, పలనాటి సున్నపురాయి. అమరావతిలో కూడా ఎన్నో శిల్పాలు సున్నానికే కాలిపోయాయి. కాబట్టి కాపాడాం అన్న వాదన విన్నప్పుడు నాకు పూర్తిగా కొట్టిపారేయాలనీ ఉండదు, ఒప్పుకోవాలనీ ఉండదు. మనవాళ్లు కాల్చారు, వాళ్లు పట్టుకెళ్లారు, రెండూ రాయాల్సిందే.

మళ్లీ ఆ ఇంటికి. పెద్ద కొడుకు కాన్‌స్టాంటైన్ జబ్బు మనిషి, 1840లో తండ్రి కంటే ముందే పోయాడు. అందువల్ల బిరుదూ అప్పులూ రెండో భార్య కొడుకు జేమ్స్‌కి వచ్చాయి. జేమ్స్ 1811లో, తండ్రి పుట్టినరోజు నాడే పుట్టాడు. చదువు ఆక్స్‌ఫర్డ్‌లో, అక్కడ తోటివాళ్లు గ్లాడ్‌స్టన్, డల్హౌసీ, కానింగ్. మన స్కూలు పుస్తకాల్లో రాజ్యాలు కలిపేసుకున్నవాడిగా చదువుకున్నామే, నిజాం దగ్గర బేరారు తీసుకున్నవాడు, ఆ డల్హౌసీయే. డల్హౌసీ, కానింగ్, ఎల్గిన్ ముగ్గురూ వరసగా మన దేశాన్ని ఏలారు. ఒకే కాలేజీ బ్యాచ్ చేతిలో పదిహేనేళ్లు ఇండియా!

1841లో జేమ్స్‌కి పెళ్లయింది, పార్లమెంటుకి ఎన్నికయ్యాడు, ఆ ఏడాదే తండ్రి పోయాడు. స్కాటిష్ ప్రభువు బిరుదు ఉన్నవాడు కామన్స్ సభలో కూర్చోవడానికి లేదు. రాజకీయం పోయె, అప్పులు మిగిలె. జీతం వచ్చే పని ఏదైనా కావాలి, 1842లో జమైకా గవర్నర్ ఉద్యోగం వచ్చింది, ఒప్పుకున్నాడు. వెళ్లే దారిలో ఓడ ప్రమాదం, మరుసటి ఏడాది చిన్న వయసులోనే భార్య అక్కడ చనిపోయింది, ఒక ఆడపిల్లని వదిలి. 1846లో డరమ్ ప్రభువు కూతురు మేరీ లూయిసాని చేసుకుని 1847లో కెనడా గవర్నర్ జనరల్‌గా వెళ్లాడు.

కెనడాలో జేమ్స్ చేసిన పని నాకు నిజంగా నచ్చుతుంది. తిరుగుబాటులో నష్టపోయినవాళ్లకి పరిహారం ఇవ్వాలని అక్కడి శాసనసభ నెగ్గించిన బిల్లు తనకి ఇష్టమా కాదా అన్నది పక్కనపెట్టి 1849 ఏప్రిల్ 25న సంతకం పెట్టాడు. ఎన్నికైనవాళ్ల మాట గవర్నర్ వినాలి అన్న పద్ధతి అక్కడ అలా నిలబడింది. ఇంగ్లిషు జనానికి ఒళ్లు మండి ఆయన బండి మీద కోడిగుడ్లు, రాళ్లు విసిరారు, మాంట్రియల్‌లో పార్లమెంటు భవనానికి నిప్పు పెట్టారు. ఆయన సైన్యాన్ని జనం మీదకి వదల్లేదు. ఇంట్లో భార్యకి నెలలు నిండాయి, మూడు వారాల తర్వాత మే 16న ఆ ఊళ్లోనే కొడుకు పుట్టాడు, విక్టర్.

అంత ఓపిక ఉన్న మనిషి చైనాలో చేసింది వేరు. 1857లో అక్కడి రెండో నల్లమందు యుద్ధం నడిపించడానికి పంపించారు. సింగపూర్ చేరేసరికి ఇక్కడ సిపాయిల తిరుగుబాటు, పాత క్లాస్‌మేట్ కానింగ్ నుంచి సాయం చేయమని ఉత్తరం, చైనాకని వస్తున్న దళాల్ని కలకత్తాకి మళ్లించాడు. తర్వాత చైనా వెళ్లాడు. ఆ యుద్ధానికి చెప్పిన సాకు మనకే సిగ్గుచేటు అని తన డైరీల్లో తనే రాసుకున్నాడు, అయినా కాంటన్ ఊరి మీద ఫిరంగులు పేల్చే హుకుం ఇచ్చాడు. 1860లో చర్చలకి వెళ్లినవాళ్లని చైనావాళ్లు పట్టుకుని హింసించారు, సుమారు ఇరవై మంది చనిపోయారు. దానికి బదులుగా అక్టోబరు 18న పెకింగ్ బయట చక్రవర్తి వేసవి మహల్‌ని కాల్చమన్నాడు. ఒక్క భవనం కాదు, తోటలు, చెరువులు, వందల మండపాలు, పుస్తకాలు. అంతకుముందే ఫ్రెంచి, ఇంగ్లిషు సైనికులు దోచుకోగలిగింది దోచుకున్నారు. పార్థెనాన్‌లో తండ్రి పేరు, ఇక్కడ కొడుకు పేరు, రెండుచోట్లా ఎల్గినే అని మరుసటి ఏడాది విక్టర్ హ్యూగో ఒక ఉత్తరంలో ఎత్తిపొడిచాడు. జనాన్ని కాకుండా చక్రవర్తి గర్వాన్ని దెబ్బకొట్టాను అన్నది జేమ్స్ సమర్థన. ఆ మహల్ శిథిలాలు ఇప్పటికీ చైనా పిల్లలకి చూపిస్తారు.

1862లో వైస్రాయిగా ఇక్కడికి వచ్చాడు. ఏడాదిన్నర ఉన్నాడేమో. 1863 శరత్తులో హిమాలయాల్లో ప్రయాణం చేస్తూ రోహ్తంగ్ దాటి, చంద్రా నది మీద కొమ్మలు అల్లి కట్టిన ఊగే వంతెన నడిచి దాటాడు, ఆ శ్రమకి గుండె దెబ్బతింది. ధర్మశాల దాకా మోసుకొచ్చారు. బతకనని తెలిసి, నన్ను ఎక్కడ పెడతారో చూసి రమ్మని భార్యని పంపాడు, ఆమె వెళ్లి దేవదారు చెట్ల మధ్య చర్చి పక్కన స్థలం చూసి వచ్చి, బాగుందని చెప్పింది. నవంబరు 20న పోయాడు. మెక్లాయిడ్‌గంజ్ వెళ్లేవాళ్లు ఆ చర్చి దగ్గర ఫొటోలు దిగుతారు, పక్కనున్న పెద్ద సమాధి ఈయనదే. 1905 కాంగ్రా భూకంపంలో గంట గోపురం కూలింది గానీ చర్చి నిలిచింది.

అన్నదమ్ముల్ని కూడా ఉద్యోగాలే తినేశాయి. రాబర్ట్ వేల్స్ యువరాజుని చూసుకునే పనిలో తూర్పు దేశాలు తిరిగొచ్చి 1862లో పోయాడు. ఫ్రెడరిక్ చైనాలో, తర్వాత అమెరికాలో రాయబారి, 1867లో బోస్టన్‌లో పోయాడు. చెల్లెలు అగస్టా విక్టోరియా రాణికి బాగా దగ్గరి మనిషి, జేమ్స్ పోయిన నెలకే ఆమె పెళ్లి.

మాంట్రియల్ అల్లర్లలో పుట్టిన విక్టర్‌కి పద్నాలుగేళ్లకే బిరుదు వచ్చింది. పదకొండు మంది పిల్లల తండ్రి, మొహమాటస్తుడు, 1894లో ఇష్టం లేకుండానే వైస్రాయి అయ్యాడు. ఆయన హయాంలోనే బొంబాయి ప్లేగు, 1896-97 కరువు. మన రాయలసీమ జిల్లాలు, ఉత్తరాంధ్ర ఆ కరువులో మాడిపోయాయి, దాని మధ్యలోనే 1897లో రాణిగారి అరవయ్యేళ్ల పాలన ఉత్సవం. ఆయన్ని చెడ్డవాడనలేం. రాళ్లు తీసుకెళ్లలేదు, మహళ్లు కాల్చలేదు, ఫైళ్లు చూశాడు, జనం చచ్చిపోయారు. తర్వాత కాలనీల మంత్రి అయ్యాడు, కింద సహాయమంత్రి కుర్ర చర్చిల్. పొడుగాటి నోటు రాసి చివర ఇవీ నా అభిప్రాయాలు అని చర్చిల్ సంతకం పెడితే, ఈయన పక్కన నావి కావు అని రాసి పంపాడని చెప్పుకుంటారు.

ఇక మేరీ నిస్బెట్ సంగతి. ఫెర్గూసన్ 1840లో పోయాడు, ఎల్గిన్ 1841లో, ఆమె మాత్రం 1855 దాకా ఉంది. పెద్దయ్యాక కూతుళ్లతో మళ్లీ రాకపోకలు కుదిరాయి. ఎల్గిన్ ఎదురుచూసిన ఆ నిస్బెట్ ఆస్తి పెద్ద కూతురు లేడీ మేరీకి వెళ్లింది, బ్రూమ్‌హాల్‌కి పైసా రాలేదు. ఆమె ఉత్తరాలు 1926లో అచ్చయ్యాయి. శిల్పాల మీద వాదనల పుస్తకాలు ఎన్ని చదివినా రాని సంగతులు వాటిలో ఉంటాయి, సుల్తాను ఇంట్లో ఎన్ని వంటకాలు పెట్టారు, ఏ కెప్టెన్‌ని ఎలా బుట్టలో వేసింది, పిల్లాడికి పళ్లు ఎప్పుడొచ్చాయి, మొగుడు మళ్లీ ఎంత తగలేశాడు. ఇంగ్లిషు కాస్త పాతది గానీ కష్టం కాదు, దొరికితే చదవండి.